పెరగలేదట

పై వరస అయిపోయింది. చిన్నకోడలు షోకేసు రెండో వరసలోంచి ఒక్కో కళ్లజోడూ తీసి, కాడలు విప్పి, మెత్తటి గుడ్డతో అద్దం రెండు పక్కలా తుడిచి, మళ్లీ దాని చోట దాన్ని పెడుతోంది. రోజూ పొద్దున కొట్టు తెరవగానే చేసే పనే కాబట్టి చేతులు వాటి పాటికి అవి పోతున్నాయి, మనసు దాని పాటికి అది పోతోంది. మామూలు రోజుల్లో అయితే మనసు ఎటెటో తిరిగేది, పాప స్కూలు బూట్లు ఇరుకవడం దగ్గర కాసేపు ఆగేది, వంటింటి పంపు దగ్గర కాసేపు ఆగేది. ఇవాళ మాత్రం కట్టుకొయ్యకు కట్టిన ఆవులా ఒకే చోటు చుట్టూ తిరుగుతోంది. ఇంకాసేపట్లో ఆవిడ వస్తుంది. పెద్దాసుపత్రి నుంచి. ఫోనులో గొంతు మెత్తగా ఉంది, తొందరపెట్టే గొంతు కాదు. నేను వస్తున్నట్టు మీ ఇంట్లో అందరికీ తెలుసాండీ అని అడిగింది. తెలుసని చెప్పింది తను. అబద్ధం కాదు. జబ్బు రోజుల్లో పోయినవాళ్ల గురించి కనుక్కోవడానికి ఎవరో వస్తారని బావగారికి చెప్పింది. ఎలా పోయినవాళ్ల గురించి అన్నది చెప్పలేదు. ఆ ఒక్క ముక్క చెప్పకుండా మింగి కూర్చోవడంలోనే ఉంది ఇవాళ్టి రుచంతా. బావగారు ఎప్పటిలాగే గొంతు సవరించుకుంటాడు, మా తమ్ముడు జ్వరంతో పోయాడండీ అంటాడు, ఎదుటివాళ్లు అయ్యో అంటారని ఓ క్షణం ఆగుతాడు, ఆ ఆగిన క్షణంలో తను నోరు తెరుస్తుంది. మాట కూడా తయారుగా ఉంది. ఒకటే మాట. దాన్ని ఇన్నేళ్లూ నాలుక కింద పెట్టుకుని అరగదీసి అరగదీసి, అంచు తాకితే రక్తం వచ్చేలా చేసుకుంది.

ఆ ఆలోచన పుట్టింది రేడియో విన్న రోజున. వెనక గదిలో సానచక్రం ముందు కూర్చుని ఎవరిదో అద్దం అంచు అరగదీస్తుంటే, పక్కన గూట్లో రేడియో దానిమానాన అది మాట్లాడుతోంది. ఎవరో చదువుకున్నాయన. ఆ జబ్బు వచ్చిన కొత్తలో జనం ఇళ్లలో మగ్గిపోయి తమ ప్రాణాలు తామే తీసుకుంటారని అందరూ భయపడ్డారట, తీరా లెక్కలు తీస్తే చాలాచోట్ల పెరగలేదట, కొన్నిచోట్ల తగ్గింది కూడానట. కష్టకాలంలో మనుషులు ఒకరికొకరు దగ్గరవుతారట, అందుకే కావచ్చట. చక్రం మీద అద్దం జారి అంచు పెచ్చు ఊడింది. తనకు నవ్వొచ్చింది, నవ్వు ఆగలేదు, ముందు గదిలోంచి అక్క ఏంటమ్మా అంత హాస్యం, మాకూ చెప్పొచ్చు కదా అంది. ఏం లేదక్కా, పెరగలేదట అంది తను. ఏమిటి పెరగనిది అని అక్క అడగలేదు, ఆవిడకు ధరలు పెరగలేదన్న మాట వినిపించి ఉంటుంది, మంచిదేగా అని ఊరుకుంది. పెరగలేదట. ఎలా పెరుగుతుంది, లెక్కలోకి పోనిస్తే కదా. మా ఇంట్లోది జ్వరం కింద పోయింది. ఈ వీధిలో ఇంకా ఎవరివి ఏ దగ్గు కింద పోయాయో, ఏ గుండెనొప్పి కింద పోయాయో. మనుషులు దగ్గరయ్యారట. దగ్గరే, గోడకు అవతలే ఉన్నాం అందరం, ఎవరి గదికి వాళ్లకు బయట గొళ్ళెం పెట్టి.

ఇదిగో ఈ పచ్చ కాడల జోడు దర్జీ కూతురు మెచ్చుకుని వదిలేసింది, పోయిన నెల వచ్చి నల్లది తీసుకుంది. ముఖం కొలత తీస్తుంటే ఆ పిల్ల పొడుగు చేతుల చొక్కా మణికట్టు దాకా లాక్కుంది, అయినా కింది మచ్చ తనకు కనపడింది, కనపడిందని ఆ పిల్లకూ తెలిసింది. తర్వాత ఆ పిల్లే చెప్పింది, అద్దంలో తన కొత్త ముఖం చూసుకుంటూ, ఎవరి గురించో చెబుతున్నట్టు. కాలేజీ మూసేసిన రోజుల్లో తనకు తనే గాయం చేసుకుందట. ఆసుపత్రికి తీసుకెళ్దామంటే అక్కడ జబ్బు అంటుకుంటుందని వాళ్ల నాన్న భయపడ్డాడట, అమ్మ ఇంట్లోనే కట్టు కట్టిందట, కుట్టుమిషను పక్కనున్న గుడ్డ ముక్కలతో. ఆసుపత్రి గుమ్మం తొక్కని పిల్లను ఆసుపత్రి ఎలా లెక్కపెడుతుంది. ఇప్పుడు బాగానే ఉందక్కా, వారం వారం ఒకావిడ దగ్గరికి వెళ్లి మాట్లాడుతున్నా, ఏం చెప్పినా తిట్టదు, అదే వింతగా ఉంటుంది అంది. ఆ ఒకావిడే ఈవిడ. ఆ రోజుల్లో అలా పోయినవాళ్ల ఇళ్లకు కూడా వెళ్తోందని, అడిగి తెలుసుకుంటోందని ఆ పిల్ల చెబితే తను నంబరు తీసుకుంది. నీకెందుకక్కా అని అడగలేదు ఆ పిల్ల. తెలివైనది. ముఖానికి నల్లదే బాగుంది.

అక్క టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. అక్క అంటే తోడికోడలు, బావగారి భార్య, మెట్లెక్కి వచ్చినా మాట మాట్లాడినా చివర చిన్న ఈల వినిపిస్తుంది ఆవిడ ఊపిరిలో, ఉబ్బసం. ఆ జోళ్లకు ఇంకా నిద్రమబ్బు వదల్లేదా, అంత తుడుస్తున్నావు అంది. మూతికి గుడ్డలు కట్టుకు తిరిగిన రోజులు మళ్లీ గుర్తొచ్చాయి ఆవిడకు, అద్దాల మీద ఆవిరి పట్టి ఒకడు వచ్చి కొట్టులో అద్దానికి నమస్కారం పెట్టాడట, తన నీడకే. ఇరవైసార్లు చెప్పిన హాస్యమే. తను నవ్వింది. అక్క చెప్పేదానికి నవ్వకపోతే ఎలా, పెళ్లయి ఈ ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి తన తలకు నూనె పెట్టిన చేయి అది. తన భర్తకైతే ఇంకా చిన్నప్పటి నుంచీ. ఆవిడ కాపురానికి వచ్చేటప్పటికి ఆయన నిక్కర్లేసుకునే పిల్లాడు, వదినా వదినా అని కొంగు పట్టుకు తిరిగేవాడు, నాకు పుట్టకపోయినా నేను పెంచినవాడే అనేది. మీ బావగారికి మళ్లీ తలనొప్పి, ఊళ్లో అందరి చూపూ సరిచేస్తారు, ఆయన తలే ఆయనకు సరిపడదు అని నుదుటి మందు సీసా కోసం లోపలికి వెళ్లింది.

తలనొప్పి ఎందుకో తనకు తెలుసు. తను చేసిందే. బావగారి కుడికంటికి గీతలు వంకరగా కనపడే దోషం. అలాంటి కన్నుకు చేసే అద్దానికి ఒక వాలు ఉంటుంది, మనిషి మనిషికీ వేరు. ఆ వాలు కుదిర్చి ఫ్రేములో కూర్చోబెడితేనే గీత గీతలా, గోడ గోడలా కనపడతాయి. కాస్త పక్కకు తిప్పి కూర్చోబెడితే కనపడకపోవడం అంటూ ఉండదు, అన్నీ కనపడతాయి, కానీ ఏదీ తన చోట తాను ఉండదు. మెట్టు అనుకున్నచోట మెట్టు ఉండదు. తలుపు ఒరిగి ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి కనుబొమ్మల మధ్య ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు ఉంటుంది. పోయిన ఏడాది ఆయన గుండ్రటి ఫ్రేము తీసుకున్నాడు. గుండ్రటిదాంట్లో అద్దం ఎటు తిప్పినా అమరుతుంది. ఆ మధ్యాహ్నం తను చక్రం ముందు కూర్చుని ఎంత ఓపికగా తిప్పింది, ఎక్కువైతే వెంటనే తెలిసిపోతుంది, తక్కువైతే బాధ ఉండదు, రెండింటికీ మధ్య ఒక చోటు ఉంటుంది, ఆ చోటు దొరికినప్పుడు లోపల ఎంత చల్లగా అయింది. మంట మీద కాసిని నీళ్లు. ఏడాదిగా ఆయన మెట్ల మీద తడబడటం, చెక్కబల్ల అంచుకు తొడ కొట్టుకోవడం, సంతకం గీత దాటిపోవడం, అన్నీ చూస్తూనే ఉంది. ఎవరికీ తెలియని ముద్దలా నములుతూనే ఉంది.

చక్రం మీద పని నేర్పింది తన భర్తే. వీధిలో ఆయన్ని చక్రం అనే పిలిచేవారు. ముందు గదిలో అన్నగారు కళ్లు చూసేవాడు, మాట్లాడేవాడు, మర్యాదలు చేసేవాడు. వెనక గదిలో తమ్ముడు నీళ్లు కారే చక్రం ముందు వంగి కూర్చుని, ఏదో ఒకటి కూనిరాగం తీస్తూ, అద్దం అంచు తాకినప్పుడు వచ్చే ఆ సన్నటి కీచుకు శ్రుతి కలిపేవాడు. విను, ఇప్పుడు గరగర, ఇప్పుడు జరజర, ఇదిగో ఇప్పుడు మెత్తబడింది చూడు, ఇక చాలు, ఆపేయాలి, అద్దమే చెబుతుంది అనేవాడు. అద్దం చెబుతుంది. ఆయన చెప్పలేదా. కొట్టు మూసేయాలన్నారు, మూసేశారు, వీధంతా మూసేసింది. వెనక గదిలోకి వెళ్లి ఉత్తి చక్రం తిప్పుకుంటూ కూర్చునేవాడు, అరగదీయడానికి ఏమీ లేకుండా. అలా తిప్పితే బేరింగు పాడవుతుందిరా అని అన్నగారు ప్లగ్గు పీకేశాడు. పీకిన తర్వాత కూడా కూర్చునేవాడు. కూనిరాగం ఎప్పుడు ఆగిపోయిందో. అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి కలిపి వదిలేసేవాడు. ఓ రోజు మోచేతికింద గీతలు కనపడ్డాయి. చక్రం తగిలింది అన్నాడు. ఆగిపోయిన చక్రం ఎలా తగులుతుంది అని తను అనలేదు, చేయి పట్టుకుంది, రాత్రంతా వదలకుండా పట్టుకుంది, పొద్దున బావగారితో చెప్పింది. ఎవరికైనా చూపిద్దాం బావగారూ, ఫోనులోనైనా ఎవరితోనైనా మాట్లాడిద్దాం. బావగారు ఆ చేయి ఎత్తి చూశాడు, కళ్లజోడు పైకి తోసి దగ్గరగా చూశాడు, కొట్టుకు వచ్చినవాళ్ల కన్ను చూసినట్టు. బయట మనుషులు ఊపిరాడక పోతుంటే నీకు ఈ వేషాలేమిటిరా అన్నాడు. ఆయన చేయి కిందికి దించుకుని చొక్కా సర్దుకున్నాడు. తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా నవ్వాడు కూడా. ఆ నవ్వు. తనకు ఆ నవ్వు కావాలి తిరిగి, ఆ నవ్వుకు బదులు కావాలి.

ఆ తర్వాతే ముగ్గురికీ ఒకేసారి వచ్చి పడింది. తనకూ పాపకూ జ్వరం, ఆయనకు దగ్గు. బావగారు ఎవరెవరికో ఫోన్లు చేసి నిలబడి పంపకాలు చేశాడు. తల్లీకూతుళ్లు కింద చివరి గది. తమ్ముడు పైన, పాత ఫ్రేముల అట్టపెట్టెలు పెట్టే గది. తలుపులకు బయటినుంచి గొళ్ళెం. గొళ్ళెం ఎందుకు బావగారూ, మేము బయటికి రాము కదా అంటే, మీ అక్కకు ఉబ్బసం, ఎవరో ఒకరు మరిచిపోయి ఇవతలికి వస్తే ఆవిడ బతకదు అన్నాడు. అంతకుమించి మాట్లాడటానికి ఏముంది. అక్క ప్రాణం కదా. పైగదిలో ఫోను కూడా తీసేసుకున్నాడు, ఆ వార్తలు చూసి చూసే నీకీ దగ్గు, ప్రశాంతంగా పడుకో అని. మంచికే. అన్నీ మంచికే. ఈ ఇంట్లో చెడ్డకు ఎవరూ ఏమీ చేయలేదు, అదే తన ఖర్మ, చెడ్డకు చేసి ఉంటే కసి తీర్చుకోవడం ఎంత సులువు. కింద గది గోడకు అవతలే మెట్లు. ఆ సాయంత్రం పాప ఒళ్లు కాలిపోతుంటే తడిగుడ్డ వేస్తూ కూర్చుంది తను, మెట్ల మీద బావగారి అడుగులు వినపడ్డాయి, పైన తలుపు లోపలినుంచి ఆయన గొంతు. అన్నను ఏదో అడిగాడు. చాలా చిన్నది. ఎవరైనా ఎవరికైనా ఇవ్వగలిగినది. బావగారు రేపు చూద్దాంరా అన్నాడు. అడుగులు కిందికి దిగిపోయాయి. తను తన తలుపు బాదింది, బావగారూ, నన్ను వెళ్లనివ్వండి, నేను మూతికి గుడ్డ కట్టుకునే వెళ్తాను అంది, ఏడ్చింది, పాప భయపడి లేచి తనూ ఏడ్చింది. పడుకోమ్మా, జ్వరంలో ఏదేదో వినపడుతుంది అన్నాడు తలుపు అవతలినుంచి. రేపు వచ్చింది. రేపటిలో ఆయన లేడు.

బయట ఏం చెప్పాలో నేను చెబుతాను అన్నాడు బావగారు. జ్వరం అన్నాడు. పాప రేపు పెద్దదవుతుంది, దానికి ఈ మచ్చ ఎందుకు అన్నాడు. జ్వరం అనగానే ఎవరూ గుమ్మం తొక్కలేదు, ఎవరూ ఏమీ అడగలేదు, చూస్తానంటే తననూ చూడనివ్వలేదు. ఫోనులో వచ్చిన ఓదార్పులన్నీ వేరే చావుకు వచ్చాయి. పాపం మంచి మనిషి, మాయదారి జబ్బు తీసుకుపోయింది అని అందరూ జబ్బును తిట్టారు. తను కూడా అవునవునని జబ్బును తిట్టింది. మన మనిషి చావు మనది కాకుండా పోవడం ఎలా ఉంటుందో ఎవరికి చెప్పాలి, ఇంకొకరి చొక్కా తొడిగి పంపించినట్టు. పాపకూ అదే చెప్పారు. అది స్కూల్లో నాన్న జ్వరంతో పోయాడని చెప్పుకుంటుంది, కాస్త ఒళ్లు వెచ్చబడితే చాలు హడలిపోతుంది, రాత్రుళ్లు లేచి తన నుదురు తడిమి చూస్తుంది అమ్మ బతికే ఉందా అని. చెబుతుంది పాపకు కూడా, తనే చెబుతుంది, మెల్లగా, వచ్చే ఆవిడను అడిగి ఎలా చెప్పాలో తెలుసుకుని చెబుతుంది. ముందు ఇది కానీ.

కాడ వదులైందమ్మా, కాస్త బిగించు అన్నాడు బావగారు. ఎప్పుడు వచ్చాడో వెనక నిలబడి ఉన్నాడు. కళ్లజోడు తీసి చేతిలో పెట్టాడు. అది లేకపోతే ఆయన ముఖం వలిచిన కాయలా, బోసిగా, కళ్ల కింద రెండు గుంటలతో ఉంటుంది, తమ్ముడి ముఖానికి దగ్గరగా వస్తుంది, అందుకే తను అటు చూడదు. చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని కాడ దగ్గర మర బిగించింది. గుడ్డ తీసుకుని అలవాటు కొద్దీ అద్దం మీదికి వేలు పోనిచ్చింది.

"అద్దం కదపకు," అన్నాడు ఆయన. "ఎలా పెట్టావో అలాగే ఉండనీ."

తన వేలు ఆగిపోయింది. ఏమిటి బావగారూ అంది.

"పెట్టుకున్న రోజే తెలిసింది. ఇన్నేళ్లుగా జనం కళ్లు చూస్తున్నవాణ్ని, నా కన్ను నాకు తెలీదా. ఫర్వాలేదులేమ్మా. అంతకన్నా ఎక్కువే పడాలి నేను."

తీసుకుని పెట్టుకుని, ఓసారి తల విదిలించి, గుమ్మం ఎక్కడుందో చూపు కుదరడానికి ఒక్క క్షణం ఆగి, ముందు గదిలోకి వెళ్లాడు. తను గుడ్డ పట్టుకుని అలాగే నిలబడింది. ఏడాది. ఏడాదిగా తను రహస్యంగా నమిలిన ముద్ద ఆయన కంచంలోదే అన్నమాట. ఆయన తడబడిన ప్రతిసారీ తను లోపల చప్పట్లు కొట్టుకుంది, ఆయనేమో ప్రతిసారీ ఓ చిల్లర పాపం తీర్చుకుంటున్నాడు. తన కక్షను కూడా మందులా రోజూ ముక్కు మీద పెట్టుకుని తిరుగుతున్నాడు, ఒళ్లు బాగవుతున్నట్టు. ఎవరిచ్చారు ఆయనకు ఆ హక్కు. ఫోను తీసుకున్నాడు, తలుపు తీసుకున్నాడు, చావు తీసుకున్నాడు, ఇప్పుడు ఇదీ తీసుకున్నాడు. సిగ్గు పడాలో మండిపడాలో తెలియక తను షోకేసు మూడో వరస తుడిచింది, తుడిచినదాన్నే మళ్లీ తుడిచింది. ఫర్వాలేదులేమ్మా అట. ఎవరికి ఫర్వాలేదట. రానీ, ఆవిడను రానీ. నాలుక కింది మాట ఇంకా ఉంది. అది ఆయనకు తెలియదు, తను విన్నదని ఆయనకు తెలియదు, జ్వరంలో ఏదేదో వినపడుతుందని తనే అన్నాడు కదా, ఆ మాటే నమ్ముకుని ఉన్నాడు.

ఆవిడ వచ్చింది. అనుకున్నంత పెద్దది కాదు, భుజాన గుడ్డసంచి, వచ్చీ రాగానే అక్కను చూసి నవ్వింది. కళ్లు చూపించుకునేవాళ్లు కూర్చునే ఎత్తు కుర్చీలోనే కూర్చుంది, ఎదురుగా గోడ మీద పెద్దవీ చిన్నవీ అక్షరాల పలక. అక్క గోడవార బల్ల మీద, బావగారు గల్లాపెట్టె పక్కన, తను షోకేసుకు ఆనుకుని. ఆవిడ మొదట తన సంగతి చెప్పుకుంది. జబ్బుతో పోయినవాళ్ల గురించి కాదండీ, ఆ రోజుల్లో తమంతట తామే వెళ్లిపోయినవాళ్ల గురించి అంది. అక్క ఊపిరిలో ఈల ఒక్కసారి పెద్దదైంది. మొదట్లో చాలాచోట్ల పెరగలేదని లెక్కలు చెబుతున్నాయి, అది నిజం కావచ్చు, కొన్నిచోట్ల తర్వాత పెరిగింది, పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో గాయాలు చేసుకోవడం పెరిగింది, కానీ లెక్కకు రానివి ఎన్నో ఎవరికీ తెలియదు, అందుకే ఇళ్లకు వచ్చి కూర్చుంటున్నాను అంది. ఇష్టం లేకపోతే ఏమీ చెప్పనక్కర్లేదు, మంచినీళ్లు తాగి వెళ్లిపోతాను అంది. తను బావగారి ముఖమే చూస్తోంది. ఇప్పుడు. ఇప్పుడు గొంతు సవరించుకుంటాడు. సవరించుకున్నాడు. ఇప్పుడు జ్వరం అంటాడు.

"మా తమ్ముడు జ్వరంతో పోలేదండీ," అన్నాడు బావగారు. "వాడి ప్రాణం వాడే తీసుకున్నాడు. గదికి గొళ్ళెం పెట్టింది నేనే. బయట జ్వరమని చెప్పింది కూడా నేనే."

అక్క ఏమండీ అంది. ఆయన ఆగలేదు. ఒకసారి మొదలుపెట్టాక నీళ్లు వదిలినట్టు వచ్చేశాయి మాటలు, చక్రం ప్లగ్గు, చేతి మీద గీతలు, వేషాలు అన్నది, ఫోను తీసుకున్నది, అన్నీ. గుండ్రటి అద్దాల కిందనుంచి నీళ్లు కారుతున్నాయి. ఆవిడ కుర్చీ దిగి వచ్చి ఆయన చేతికి మంచినీళ్ల గ్లాసు ఇచ్చింది. ఇది చెప్పడానికి చాలా ధైర్యం కావాలండీ అంది. ఆయనకు అంది. ఆయన భుజం మీద చేయి వేసింది. తను షోకేసుకు ఆనుకుని నిలబడే ఉంది. లోపల ఏదో మెట్టు ఉందనుకుని కాలు పెడితే లేనట్టుగా అయింది. పిలిచింది తను, తయారుచేసుకుంది తను, ఇన్నేళ్లూ మింగింది తను, ఇవాళ కూడా బయట ఏం చెప్పాలో చెప్పింది ఆయనే. చెప్పి ఓదార్పు కూడా ఆయనే తీసుకున్నాడు. తన వాటాకు ఏం మిగిలింది, అవునండీ అని తల ఊపడం. ఇంతలో అక్క బల్ల మీదినుంచే ఆవిడతో మాట్లాడటం మొదలుపెట్టింది, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, మొగుణ్ని కాస్త కాపాడుకుందామన్నట్టు.

"ఈయన చెడ్డవాడు కాదమ్మా. నా ఊపిరి కోసం చేశాడు అదంతా. ఆ సాయంత్రం నేను పాలు పట్టుకుని పైకి వెళ్తానంటే, నిద్రపోతున్నాడు, లేపకు అన్నాడు. గాఢంగా నిద్రపోతున్నాడట. ఆఖరి రోజున నా పిల్లాడు కాసేపైనా హాయిగా నిద్రపోయాడు కదా, ఆ ఒక్కటీ అనుకునే బతుకుతున్నా."

బావగారు గ్లాసు పెదవుల దగ్గర పెట్టుకుని తాగకుండా ఆగిపోయాడు. తను చూసింది. అన్నీ చెప్పినవాడు ఇది చెప్పలేదు. గల్లాపెట్టె కింది అరలా దీన్ని ఒక్కదాన్నీ మూసి ఉంచుకున్నాడు, భార్య ముందు. అన్ని శిక్షలూ తనే ఎంచుకున్నాడు, దీన్ని ఎంచుకోలేదు. నాలుక కింది మాట కదిలింది. అదే క్షణంలో తనకు తెలిసింది, ఇది ఆయనకు తగలాలంటే ముందు అక్కలోంచి దూరి వెళ్లాలి. తలకు నూనె పెట్టిన చేయి. ఈలేసే ఊపిరి. ఆ ఒక్కటీ అనుకునే బతుకుతున్నా. ఊరుకో అంది లోపల ఎవరో, బహుశా తన భర్తే, వదినను ఏమీ అనకు అంటాడు ఆయనైతే. కానీ ఆయన లేడు. ఎందుకు లేడు. ఊరుకో అన్న గొంతును కూడా తను ఈ ఇంట్లోనే నేర్చుకుంది.

"నిద్రపోలేదక్కా," అంది.

అక్క ఇటు తిరిగింది.

"మెలకువగానే ఉన్నారు. బావగారు పైకి వెళ్తే తలుపు దగ్గరికి వచ్చారు. నాకు గోడ అవతల అంతా వినపడింది. తలుపు తీయొద్దులే అన్నయ్యా, కాసేపు మెట్టు మీద కూర్చో, మాట్లాడకపోయినా ఫర్వాలేదు అన్నారు. నీకు తీరిక లేకపోతే వదినను పంపించు, దూరంగానే కూర్చోమను అన్నారు. బావగారు రేపు చూద్దాం అని దిగి వచ్చేశారు."

వచ్చినావిడ చూపు ఒకరి ముఖం నుంచి ఒకరి ముఖానికి వెళ్లి నేల మీద ఆగింది. వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అందుకోవడం లేదు, మళ్లీ కొడుతున్నారు. బావగారు గ్లాసు కింద పెట్టాడు, పెట్టానని ఆయన అనుకున్న చోట గల్లాపెట్టె అంచు లేదు, గ్లాసు నేల మీద పడి నీళ్లు అక్క పాదాల దాకా వెళ్లాయి. అక్క పాదాలు తీసుకోలేదు. భర్త ముఖంలోకి చూసింది. ఏదైనా అంటాడని, కాదంటాడని, జ్వరంలో దానికి ఏదో వినపడిందంటాడని ఎదురుచూసింది. ఆయన కళ్లజోడు తీసేశాడు. తనకు కావాల్సింది ఇదే. ఇన్నేళ్లుగా ఈ ముఖం ఇలా వలిచినట్టు కావడం కోసమే బతికింది, ఇదిగో అయింది, పూర్తిగా అయింది, ఎక్కడా మిగల్లేదు. చల్లగా అవుతుందేమోనని లోపల వెతుక్కుంది. చల్లగానే ఉంది. అవును, చల్లగానే ఉంది, అబద్ధం ఎందుకు. ఆ చల్లదనంలోనే అక్క వైపు చూడలేక చూసింది.

అక్క లేచింది. కొంగు భుజం మీదికి సర్దుకుంది. తడి పాదాలతోనే కొట్టు గుమ్మం దాకా నడిచింది, చెప్పుల్లో కాళ్లు దూర్చింది, ఒకటి అడ్డం తిరిగితే వంగి సరిచేసుకుంది. వంగి లేచేసరికి ఊపిరి ఈలేసింది, గుమ్మం పట్టుకుని అది సర్దుకునేదాకా ఆగింది. తను అక్కా అనబోయింది, బావగారు చేయి చాచాడు, ఇద్దరిలో ఎవరి వైపూ తిరగలేదు ఆవిడ. ఈ ఇంట్లోకి వచ్చిన నాటి నుంచి ఒక మాట చెప్పకుండా, ఒక నవ్వు నవ్వకుండా గడప దాటని మనిషి, వీధిలోకి దిగి, ఎండలో, ఏ వైపుకు వెళ్లాలో కూడా చూసుకోకుండా నడుచుకుంటూ వెళ్లిపోయింది.